కుట్టడం వచ్చు, కుట్టలేను

డాలస్ పక్కన ఒక ఆసుపత్రిలో, దెబ్బతిన్న చేతులకి మళ్ళీ పని నేర్పే ఉద్యోగం నాది. హైదరాబాదులో ఫిజియోథెరపీ చదివి, డెబ్బైల చివర్లో పెళ్ళి చేసుకుని మా ఆయనతో ఇక్కడికి వచ్చాను. ఇక్కడి పరీక్షలు మళ్ళీ రాసి లైసెన్సు తెచ్చుకునేసరికి ఎనభై దాటింది. నా బల్లకి అవతల కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది మెక్సికో మనుషులు. కోడిమాంసం ఫ్యాక్టరీలో వేళ్ళు తెగినవాళ్ళు, ఇళ్ళకి కప్పులు వేస్తూ కిందపడి మణికట్టు విరిగినవాళ్ళు. వాళ్ళకి ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ రాదు. మొదట్లో నేను పిడికిలి ముడిచి చూపిస్తే వాళ్ళు ముడిచేవాళ్ళు, తెరిస్తే తెరిచేవాళ్ళు. నొప్పి ఎక్కడుందో మొహం చూసి పోల్చుకోవడమే.

ఇది వైద్యం కాదు, మూగసైగలు అనిపించి, కమ్యూనిటీ కాలేజీలో సాయంకాలం స్పానిష్ క్లాసుకి చేరాను. మా ఆయనకి నచ్చలేదు.

"నాలుగు మెడికల్ టర్మ్స్ నేర్చుకుంటే సరిపోదా? వంట మానేసి మరీ ఆ పనివాళ్ళ భాష ఎందుకు?" అన్నారు.

పనివాళ్ళ భాష అనే మాట మా స్నేహితులందరి ఇళ్ళలోనూ విన్నదే. ఆ పనివాళ్ళు కట్టిన ఇళ్ళలోనే అందరం ఉండేవాళ్ళం. నేను వాదించలేదు. పప్పూ అన్నం ముందే వండి పెట్టి క్లాసుకి వెళ్ళిపోయేదాన్ని.

మా మాస్టారు క్యూబా నుంచి వచ్చిన పెద్దాయన. అక్కడ పేరున్న లాయరట. ఆ చదువు ఇక్కడ చెల్లక, మాలాంటివాళ్ళకి క్రియాపదాలు చెప్పుకుంటూ బతుకుతున్నాడు. అందుకేనేమో, ఒక మాట బదులు ఇంకో మాట వాడితే ఆయనకి ప్రాణం పోయినంత పనయ్యేది. ఒకరోజు నేను "నా పేషెంట్లకి నేర్పు తిరిగి వస్తోంది" అని స్పానిష్‌లో రాసి చూపించాను. నేర్పు అన్నచోట అబిలిదాద్ అన్న మాట వేశాను. ఆయన సుద్దముక్క పట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఏ నేర్పు? పుట్టుకతో వచ్చిందా, నేర్చుకుంటే వచ్చిందా? చేతిలో ఉందా, ఒంట్లో ఉందా?"

బోర్డు మీద నాలుగు మాటలు రాశాడు. అబిలిదాద్ అంటే ఏ పనైనా చక్కగా చేసే నేర్పు. దెస్త్రేసా అంటే చేతికి అలవడిన నైపుణ్యం, అది కుడిచెయ్యి అన్న మాటలోంచి పుట్టింది. ఆప్తితూద్ అంటే నేర్చుకోకముందే మనిషిలో ఉన్న అనువు. కపాసిదాద్ అంటే ఆ పని చెయ్యడానికి కావలసిన శక్తి. "నీ పేషెంట్లకి కావలసింది కపాసిదాద్. నేర్పు వాళ్ళ దగ్గరే ఉంది, ఎక్కడికీ పోలేదు" అన్నాడు.

ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళని తిట్టాడు. వాళ్ళకి అన్నిటికీ 'కెన్' ఒక్కటే. స్పానిష్‌లో సాబేర్ వేరు, పొదేర్ వేరు. ఈత నేర్చుకున్నవాడికి సాబేర్, ఇప్పుడు నీళ్ళలో దిగి ఈదే సత్తువ ఉన్నవాడికి పొదేర్. ఎదుటివాణ్ణి అడిగేటప్పుడు అవే సాబే, పుయేదే అవుతాయి. క్లాసులో ఉన్న అమెరికన్లందరూ తలలు పట్టుకున్నారు. నాకు మాత్రం మాట పూర్తికాకముందే అర్థమైంది. ఈత వచ్చు. ఈదగలను. రెంటికీ మధ్య తేడా మా ఇంట్లో నాలుగేళ్ళ పిల్లలకి కూడా తెలుసు. ఈ దేశం వచ్చాక నా తెలుగు నాకు అక్కరకొచ్చింది ఆ సాయంత్రమే. ఇంటికొచ్చి మా ఆయనకి సంబరంగా చెప్పాను. ఆయన టీవీలో ఫుట్‌బాల్ చూస్తూ "ఊఁ" అన్నారు.

ఆ మరుసటి ఏడాది ఒక కుట్టుపని ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

నాకన్నా కొంచెం పెద్దది. భర్త పోయాడు, పిల్లలు లేరు. జీన్స్ ఫ్యాక్టరీలో ప్యాంట్లకి జేబులు కుట్టేది. ఇస్త్రీ చేసే పెద్ద ఆవిరి యంత్రం దగ్గర మనుషులు తక్కువైన రోజున ఈవిణ్ణి అక్కడ నిలబెట్టారు. దాని మూత కుడిచెయ్యి మీద పడింది. తొడ మీది చర్మం తీసి చేతికి అతికించారు. రెండు వేళ్ళు కొయ్యబారిపోయాయి. బొటనవేలు చూపుడువేలిదాకా వచ్చేది కాదు. అన్నిటికంటే పెద్ద నష్టం, వేళ్ళ చివర స్పర్శ పోయింది. సూది పెడితే, అది చేతిలో ఉందో కింద పడిందో కళ్ళతో చూసుకుంటే తప్ప తెలిసేది కాదు.

నేను డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పినా "దొక్తోరా" అనే పిలిచేది. చిక్కుడుగింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చమనేదాన్ని. చెమటలు పట్టేవి. జారిపోయిన ప్రతి గింజనీ ఏదో ఒకటి అని నవ్వేది. ఒకరోజు నా తెల్లకోటు అంచు ఊడి వేలాడుతుంటే చూసి, "ఇదేమిటి, ఇలా తిరుగుతున్నావా?" అని కోప్పడింది. తన సంచీలోంచి సూదీ దారం తీసింది. దారం ఎక్కించబోయింది, కాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. తర్వాత సూది నా చేతిలో పెట్టింది.

"నువ్వు కుట్టు. నేను చెబుతాను."

బట్ట ఎటు మడవాలో, సూది ఎక్కడ గుచ్చితే పైకి కనపడదో, దారం ఎంత లాగితే ముడతలు పడవో చెబుతూ పోయింది. నేను కుట్టాను. చెయ్యి తిరిగిన మనిషి అంటామే, ఆ తిరగడం అంతా ఆవిడ మాటలో అలాగే ఉంది. చెయ్యి మాత్రం బల్ల మీద కదలకుండా పడి ఉంది. ఆవిడ దాని వైపు చూడకుండా ఉండటానికి ఎంత జాగ్రత్తపడుతోందో నాకు కనిపించింది.

ఎండాకాలం చివర్లో ఒకరోజు చాలా హుషారుగా వచ్చింది.

"దొక్తోరా, ఇన్సూరెన్స్ వాళ్ళు నన్ను ఒక డాక్టరు దగ్గరికి పంపారు. ఎవరో తెలుసా? మీ దేశం ఆయనే! ఎంత మర్యాదస్తుడో. నాతో స్పానిష్‌లో మాట్లాడాడు."

ఆయన ఎవరో నాకు వెంటనే తెలిసిపోయింది. మా వైపున్న ఎముకల డాక్టర్లలో తెలుగాయన ఆయనొక్కరే. మేము కొత్తగా వచ్చినప్పుడు మమ్మల్ని మొదటిసారి గ్రోసరీకి తీసుకెళ్ళింది ఆయనే. ఇల్లు దొరికేదాకా వాళ్ళింట్లోనే ఉన్నాం. నేను ఆయన్ని అన్నయ్యగారు అనేదాన్ని.

"ఏమడిగారు?" అన్నాను.

"సాబే కోసేర్? అన్నాడు. సీ, క్లారో అన్నాను. పదిహేనో ఏటినుంచీ కుడుతున్నానని చెప్పాను. పెళ్ళిగౌన్లు కూడా కుట్టానని చెప్పాను. అంతా రాసుకున్నాడు."

కుట్టడం వచ్చా అని ఆయన అడిగారు. ఓ, ఎందుకు రాదు అని ఆవిడ చెప్పింది. అడిగింది ఏమిటో, చెప్పింది ఏమిటో ఆవిడకి బాగానే తెలుసు. ఆయన దాన్ని ఏమని రాసుకున్నారో అన్నదే నా భయం.

"సూది చేతికిచ్చి కుట్టమన్నారా?"

"లేదు. చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, అంతే."

కొన్ని వారాలకి ఆవిడకి ఇన్సూరెన్స్ నుంచి వచ్చే భత్యం ఆగిపోయింది. వాళ్ళు పంపిన కాగితం నా దగ్గరికి తెచ్చి చదవమంది. పేషెంటు తాను కుట్టగలనని స్వయంగా చెప్పిందనీ, పాత పని చేసుకునే సామర్థ్యం ఉందనీ డాక్టరుగారి అభిప్రాయం. సామర్థ్యం అన్నచోట నేను కపాసిదాద్ అని చెప్పాను. అక్కడ వేరే మాట చెప్పడానికి వీల్లేదు.

ఆవిడ ఎడంచేత్తో కాగితం వెనక్కి తీసుకుని, "కాని ఆయన పుయేదే అనలేదు. సాబే అన్నాడు" అంది. కోపం కాదు. ఎదుటివాళ్ళ లెక్కలో చిన్న పొరపాటు కనిపెట్టినట్టు అంది.

"నేను మాట్లాడతాను. ఆయన నాకు తెలుసు" అన్నాను. నిజంగా అంత తేలిగ్గానే అవుతుందనుకున్నాను. రాని భాషలో జరిగిన పొరపాటు. తెలుగులో చెబితే చిటికెలో అర్థమవుతుంది.

ఆ ఆదివారం అందరం వాళ్ళింట్లో భోజనాలకి కలిశాం. ఆడవాళ్ళు వంటింట్లో, మగవాళ్ళు టీవీ ముందు. ఆయన ఒక్కరే పెరట్లో కొత్తగా కొన్న పొయ్యి మీద మొక్కజొన్న కండెలు కాలుస్తున్నారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"అన్నయ్యగారూ, ఒక పేషెంట్ విషయం మాట్లాడాలి."

"సండే కూడా పేషెంట్లేనా చెల్లెమ్మా? చెప్పు."

చెప్పాను. ఆయనకి వెంటనే గుర్తొచ్చింది. "ఆ కుట్టుమెషీన్ లేడీనా? కుట్టగలనని తనే చెప్పిందిగా."

"మీరు సాబే అని అడిగారట."

"అవును. నా స్పానిష్ క్యాసెట్‌లో అలాగే ఉంది. 'కెన్ యూ' అనేగా అర్థం?"

"అన్నయ్యగారూ, మీకు ఈత వచ్చా?"

"అదేం ప్రశ్న? కృష్ణలో ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి ఈదినవాణ్ణి."

"కుడిచెయ్యి విరిగితే ఈదగలరా?"

ఆయన కండె తిప్పబోయి ఆగారు. తర్వాత పెద్దగా నవ్వారు. "భలే పట్టుకున్నావమ్మా! వచ్చు, గలను. నిజమే. ఎప్పుడూ ఆలోచించలేదు."

నా ప్రాణం తేలికపడింది. "అయితే రిపోర్ట్ చేంజ్ చేస్తారా?" అన్నాను.

ఆయన పటకారు పక్కన పెట్టారు. గొంతు తగ్గించి మాట్లాడారు.

"చూడమ్మా. నాకు స్పానిష్ రాకపోవచ్చు. చెయ్యి చూడటం రాదా? ఆ చేత్తో ఆవిడ జేబు కాదు కదా, బొత్తం కూడా కుట్టలేదని నాకు తెలుసు."

ఆయన పొయ్యి మంట తగ్గించారు.

"నేను అబద్ధమేమీ రాయలేదు. పేషెంట్ ఏం చెప్పిందో అది రాశాను. ఆ ఇన్సూరెన్స్ వాళ్ళు నా దగ్గరికి వరసగా పంపుతుంటారు. ఇలాంటివి రెండు వెనక్కి తీసుకున్నాననుకో, ఇంకో డాక్టర్ దగ్గరికి పంపుతారు. అతను చెయ్యి ముట్టుకోను కూడా ముట్టుకోడు. నేను కనీసం ముట్టుకుని చూస్తాను."

"ముట్టుకుని ఏం లాభం అన్నయ్యగారూ?"

"నువ్వు చిన్నదానివి. నేనిక్కడికి వచ్చిన కొత్తలో తెల్లవాళ్ళెవరూ తీసుకోని డ్యూటీలన్నీ నాకు వేసేవాళ్ళు. ఈ ప్రాక్టీస్ ఊరికే రాలేదు." ఒక కండె తీసి ప్లేట్లో పెట్టి నా చేతికిచ్చారు. "వేడిగా ఉంది. ఉప్పూ కారం రాసుకో."

అంతకుముందు వారమంతా నేను మాటల గురించే ఆలోచించాను. ఒక మాట బదులు ఇంకో మాట పడిందనీ, సరైన మాట చెబితే అంతా సర్దుకుంటుందనీ అనుకున్నాను. ఆయనకి నా కంటే ముందే అన్నీ తెలుసు. తెలిసే ఆ క్యాసెట్ వెనక నిలబడ్డారు. ఆ ప్లేటు పెరట్లో బల్ల మీదే వదిలేసి లోపలికి వచ్చాను. వదినగారు నా మొహం చూసి, ఎండలో ఎందుకు నిలబడ్డావు అంటూ మజ్జిగ ఇచ్చారు.

కారులో మా ఆయన అడిగారు, "ఆయనతో ఏం గొడవ పెట్టుకున్నావు?"

చెప్పాను. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా విన్నారు.

"ఆయన మనకెంత చేశారో తెలుసు కదా. ఆవిడ నీకేమవుతుంది?"

ఏమీ కాదు.

ఆవిడ అప్పీలు చేసుకుంది. విచారణ ఒక ప్రభుత్వ ఆఫీసులో, కిటికీ లేని గదిలో జరిగింది. ఆవిడ తరఫు లాయరు ఆవిణ్ణి మొదటిసారి చూసింది ఆ రోజు పొద్దున వరండాలోనే. నేను థెరపిస్టుగా సాక్ష్యం చెప్పడానికి వెళ్ళాను. చెయ్యి ఎంత వంగుతుంది, ఎంత పట్టు ఉంది, అంతవరకే మాట్లాడమని మా సూపర్‌వైజర్ చెప్పి పంపింది.

ఇన్సూరెన్స్ లాయరు ఆవిణ్ణి కుట్టగలవా అని ఇంగ్లీషులో అడిగాడు. అక్కడి దుబాసీ, టెక్సస్‌లోనే పుట్టి పెరిగిన కుర్రాడు, చక్కగా, సరిగ్గా "పుయేదే కోసేర్?" అన్నాడు.

"నో. నో పుయేదో" అంది ఆవిడ. లేదు, కుట్టలేను.

లాయరు కాగితం తిరగేశాడు. "డాక్టరుగారితో మాత్రం కుట్టగలనన్నారు. ఈలోగా ఏం మారింది?"

దుబాసీ అది స్పానిష్‌లో చెబుతుంటే ఆవిడ మొహం మారిపోవడం చూశాను. ఆవిడ చెప్పిన రెండు నిజాలు ఆ గదిలో ఒక అబద్ధమైపోయాయి. "ఆయన వేరే ప్రశ్న అడిగాడు" అంది. వేరే ప్రశ్న ఏమిటని లాయరు అడిగితే, చెప్పలేక నా వైపు చూసింది.

నా వంతు వచ్చినప్పుడు, మా సూపర్‌వైజర్ చెప్పింది పక్కన పెట్టి, సాబే గురించీ పుయేదే గురించీ చెప్పాను. లాయరు మర్యాదగానే విన్నాడు.

"మీరు సర్టిఫైడ్ ఇంటర్‌ప్రెటరా?"

"కాదు."

"స్పానిష్ మీ మాతృభాషా?"

"కాదు. తెలుగు."

"ఆ పేరు స్పెల్లింగ్ చెబుతారా?"

చెప్పాను. గదిలో ఎవరో కిసుక్కుమన్నారు.

"అయితే, ఒక ఇండియన్ డాక్టరు ఒక మెక్సికన్ లేడీని స్పానిష్‌లో ఏమడిగారో, తెలుగు మాట్లాడే మీరు మాకు ఇంగ్లీషులో చెబుతున్నారన్నమాట."

ఈసారి అందరూ నవ్వారు. విచారణాధికారి కూడా నవ్వు ఆపుకున్నాడు. తర్వాత లాయరు దుబాసీ వైపు తిరిగి, సాబే కోసేర్ అన్న ప్రశ్నని ఇంగ్లీషులోకి ఎలా మారుస్తారని అడిగాడు. ఆ కుర్రాడు మంచివాడు. ఇబ్బందిపడ్డాడు. కాని అతను అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాలి.

"మామూలుగా 'కెన్ యూ' అనే అంటాం సార్."

అది నిజమే. 'డూ యూ నో హౌ' అని కూడా అనొచ్చు గాని, ఆ సంగతి ఎవరో ఒకరు అడగాలి. ఆవిడ లాయరు లేచి ఏదైనా అడుగుతాడేమోనని చూశాను. అతను తర్వాతి కేసు కాగితాలు చూసుకుంటున్నాడు.

అప్పీలు కొట్టేశారు. ఆ వారం క్లాసు అయ్యాక మాస్టారికి ఇదంతా చెప్పాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ విన్నాడు. ఒకప్పుడు కోర్టుల్లో వాదించిన మనిషి కదా, ఆయనకి ఆశ్చర్యం కలగలేదు.

"నువ్వు చెప్పిన మాటలో తప్పు లేదు. వాళ్ళు రాసిన మాటలోనూ తప్పు లేదు. అలాంటి కేసులు ఎప్పుడూ నెగ్గవు" అన్నాడు.

ఆవిడ మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్ళింది. మెషీన్ మీద కూర్చోబెట్టారు. సూది కింద బట్టతోపాటు వేలు కూడా వెళ్ళిపోయింది. నొప్పి తెలియలేదు కాబట్టి, బట్ట మీద రక్తం చూసి పక్కావిడ అరిచేదాకా ఆపలేదట. పని నెమ్మదిగా చేస్తోందని చెప్పి ఇంటికి పంపేశారు. ఇదంతా నాకు చెప్పింది మా ఆసుపత్రికి చివరిసారి వచ్చినప్పుడు. సాన్ ఆంటోనియోలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతున్నానంది. వేలికి కట్టు మార్చాను. ఇంట్లో చేసుకోవలసిన ఎక్సర్‌సైజులు చెప్పాను. తల ఊపుతూ విన్నది.

లేవబోతూ అడిగింది, "ఆ డాక్టరు. నీకు తెలుసన్నావు. మీ ఇంటికి వస్తాడా?"

"వస్తారు" అన్నాను.

"నువ్వూ వాళ్ళింటికి వెళ్తావా?"

"వెళ్తాను."

ఎడంచేత్తో సంచీ భుజానికి తగిలించుకుంది. ఎప్పుడూ బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్ళే మనిషి, ఆ రోజు "గ్రాసియాస్, సెన్యోరా" అని, థాంక్స్ మేడమ్ అన్నట్టుగా చెప్పి వెళ్ళింది. దొక్తోరా అనలేదు.

అన్నయ్యగారు మా మీద కోపం పెట్టుకోలేదు. పెట్టుకుంటే బాగుండునేమో. ఆ దీపావళికీ పిలిచారు. ఆ తర్వాత పుట్టినరోజులకీ పిలిచారు. వదినగారు ఎప్పటిలాగే గోంగూర పచ్చడి సీసాలో పెట్టి పంపారు. నేను తలనొప్పి అని వంక పెట్టి మానేస్తే మా ఆయన ఒక్కరే వెళ్ళొచ్చేవారు. ఎన్ని తలనొప్పులని చెప్పను? నెమ్మదిగా నేనూ వెళ్ళడం మొదలుపెట్టాను. ఆయన కనిపిస్తే నమస్కారం పెట్టేదాన్ని. ఒకసారి కొత్తగా వచ్చిన జంటకి నన్ను పరిచయం చేస్తూ, "మా చెల్లెమ్మకి స్పానిష్ కొట్టినపిండి" అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు విని మా ఆయన గర్వంగా నవ్వారు. అది మాత్రం ఈనాటికీ మరిచిపోలేదు.

ఎనభైల చివర్లో నేను దుబాసీ పరీక్ష రాసి పాసయ్యాను. ఇంకోసారి ఎవరైనా సర్టిఫైడా అని అడిగితే అవునని చెప్పడానికి. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

పాసైన రోజునే, ఆవిడ ఫైల్లో రాసి ఉన్న తమ్ముడి నంబరు చూసి సాన్ ఆంటోనియోకి ఫోన్ చేశాను. ఎందుకు చేశానో సరిగ్గా చెప్పలేను. ఆవిడ తమ్ముడు తీశాడు. అక్క బాగానే ఉందనీ, పక్కింటివాళ్ళ పిల్లల్ని చూసుకుంటోందనీ చెప్పాడు. ఎవరు మాట్లాడుతున్నారని అడిగాడు. ఆసుపత్రి నుంచి అని చెప్పాను. ఒక్క నిమిషం అన్నాడు. ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు, పిల్లల అల్లరి, దూరంగా ఆవిడ గొంతు వినిపించాయి. ఆవిడ ఏమందో తెలియలేదు. మళ్ళీ అతనే వచ్చాడు.

"మాట్లాడనంటోంది సెన్యోరా. నో కియేరే" అన్నాడు.

మాట్లాడటం రాక కాదు, మాట్లాడలేక కాదు. ఇష్టం లేదు. అతను సరైన మాటే వాడాడు. మరేం ఫరవాలేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.